కడుపు నిండినను ఆకలి తీరని ఆవు



పునర్వసు, పుష్యమి కార్తెలలో మన చేలగట్ల మీద పచ్చిక మేయుచున్న ఆవును చూచి, అదే ఆవును మరల శివరాత్రి దాటిన పిదప చూచినచో, రెండును ఒకే పశువని నమ్ముట కష్టము. వర్షకాలమున వెంట్రుక నిగనిగలాడుచు, పొదుగు నిండి, దూడను నాకుచు నిలుచున్న పశువే ఎండకాలమున డొక్కలు లోనికి పోయి, ఎముకలు పైకి తేలి, పూటకు శేరు పాలైన ఈయక తలవంచుకొని నిలుచును. పశువునకు దిష్టి తగిలినదని కొందరు, ముసలిదైనదని కొందరు, జాతి మంచిది కాదని కొందరు చెప్పుదురు. తుదకు ఆ పశువు సంతకు పోవును. కొన్నవాని యింట దాని గతి యేమగునో మనకు తెలియదు.

నేను నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతముల గ్రామములలో తిరుగుచు చూచిన వానిలో ఇట్టి పశువులు పెక్కింటికి జబ్బు లేదు, ముసలితనము లేదు. వాని గాడిలో మేత కూడ ఉన్నది. లేనిది ఒక్కటియే. దానినే మాంసకృత్తులని యందురు. ఆ లోటు ఎట్లు కలుగునో, కొద్దిపాటి వ్యయముతో దానిని ఎట్లు తీర్చవచ్చునో ఈ వ్యాసమున వివరింప దలచితిని.

ఎండు మేతలో తగ్గునదేమి?

మన పచ్చిక బయళ్లు ఉష్ణమండలపు పచ్చిక బయళ్లు. చల్లని దేశముల గడ్డి మెల్లగా పెరిగి చాలకాలము లేతగా నుండును. మన గడ్డి యట్లు కాదు. వాన పడిన వెంటనే చెంగలి గడ్డి, గరిక మున్నగునవి వేగముగా ఎదిగి, కొద్ది వారములలోనే వెన్ను తీసి, గింజ రాల్చి, పుల్లయగును. లేత గడ్డిలోని తేమను తీసివేసి లెక్కించినచో నూటికి 8 మొదలు 12 వంతుల వరకు మాంసకృత్తులుండును. ఆ గడ్డియే గింజ రాల్చి ఎండిన పిమ్మట నూటికి 3 లేక 4 వంతులు మాత్రమే మిగులును. ఆకులోని సారము గింజకు పోయి, గింజ నేలపాలై, పీచు మాత్రము నిలిచియుండును.

మనము వాములు వేసికొను మేత సంగతియు నించుమించు ఇంతియే. జొన్నచొప్పలోను వరిగడ్డిలోను నూటికి 3 లేక 4 వంతులకు మించి మాంసకృత్తులుండవు. నంద్యాలలోని వ్యవసాయ పరిశోధన క్షేత్రము 1906వ సంవత్సరమున స్థాపింపబడినది. పత్తి, జొన్న, శనగ పైరులలో అక్కడ జరిగిన కృషి వలన మనకు మేలైన వంగడములు లభించినవి. కాని వంగడ మెంత మేలైనదైనను, పండిన కంకి మనుజునకు, మిగిలిన కాండము పశువునకు అనునదే ఏర్పాటు. గింజలోనికి ఎక్కిన సారము చొప్పలో మిగులదు కదా! కావున వామి పెద్దదైనంత మాత్రమున పశువు పోషణకు కొరత లేదని తలపరాదు.

ఆవు కడుపులోని పనివారు

ఆవు తాను తిన్న పీచును తానై అరిగించుకొనజాలదు. ఆ పని చేయునవి దాని మొదటి పెద్ద పొట్టలో కోట్లకొలదిగా నివసించు సూక్ష్మజీవులు. ఆవు మేత మేసి, నెమరువేసి, నూరి ఇచ్చును. సూక్ష్మజీవులు ఆ పీచును విడగొట్టి ఆవునకు శక్తి నిచ్చును. అంతటితో ఆగక, అవి తాము పెరిగి, పొట్ట నుండి ముందునకు సాగి, అరిగి, స్వయముగా ఆవునకు మాంసకృత్తులగును. అనగా ఆవు పోషించునది సూక్ష్మజీవులను. సూక్ష్మజీవులు పోషించునవి ఆవును.

ఈ పనివారికి కూలి గింజలు వలయును. వాని కూలి నత్రజని. అది మేతలోని మాంసకృత్తుల నుండియే వానికి లభించును. మేతలో మాంసకృత్తులు నూటికి సుమారు 7 వంతులకు తగ్గినచో సూక్ష్మజీవులకు చాలినంత నత్రజని లభింపదు. అవి వృద్ధిపొందవు. పీచు అరుగుట మందగించును. అరుగని మేత పొట్టలో నిలిచిపోవుటచే, క్రొత్త మేతకు చోటుండదు. పశువు కడుపు ఉబ్బెత్తుగానే కనబడును, గాడిలో చొప్ప మిగిలియే యుండును, కాని పశువు చిక్కిపోవుచునే యుండును. చూచువారు, "మేత మిగిల్చినది, దీని కాకలి లేదు" అందురు. నిజమునకది ఆకలితోనే యున్నది.

ఈ సంగతి తెలిసినచో మాంసకృత్తుల మేత ఏల ఈయవలెనో స్పష్టమగును. ఎండకాలమున మనము వేయు చెక్క ఆవునకు విందు కాదు. వామిలోని చొప్పను అరిగించుటకు పనివారికిచ్చు కూలి. కొద్ది చెక్క వేసినచో పశువు తాను విడిచిపెట్టుచున్న చొప్పను గూడ తినును, తిన్నదానిని బాగుగ అరిగించుకొనును. ఉత్తర ఆస్ట్రేలియాలోని విశాలమైన ఎండు బీళ్లలో పశువులను పెంచువారు సయితము ఈ సూత్రమునే అనుసరించి, వానలు లేని మాసములలో నత్రజని గల నాకుడు దిమ్మలను, చెక్కలను ఇచ్చుచున్నారు.

ఒక అవ్వ ఆవు

ఆళ్లగడ్డకు తూర్పున నల్లమల కొండల అంచున గల ఒక గ్రామమున ఒక వృద్ధురాలికి ఒక్క ఆవు గలదు. ఆ పాలడబ్బే ఆమెకు ఆధారము. నేను పోయినది ఫాల్గుణ మాసము. ఆవు పూటకు ముప్పావు లీటరైన ఈయుట లేదు. ఈని ఏడు మాసములైనను ఎదకు రాలేదు. "నాయనా, కడుపునిండా మేస్తాంది, పాలు మాత్రం ల్యావు. వచ్చే సంతకు తోలేస్తా" అని ఆమె కన్నీరు పెట్టుకొనెను.

"అవ్వా, దీనికి నీవేమి వేయుచున్నావు?" అని యడిగితిని. ఉదయము బీటికి తోలుటయు, రాత్రి జొన్నచొప్పయు, రెండు పూటల కుడితిలో శనగపొట్టును అని చెప్పెను. ఆ పొట్టునకు ఆమె నిత్యము డబ్బు వెచ్చించుచునే యున్నది. పప్పుమిల్లుల నుండి వచ్చు శనగపొట్టు పశువునకు ఇష్టమైనదే కాని, గింజపై తోలు మాత్రమగుటచే దానిలో మాంసకృత్తులు స్వల్పము. ఆమె వ్యయము వ్యర్థమగుచుండెను.

నేను క్రొత్త వ్యయమేమియు చెప్పలేదు. పొట్టుకు పెట్టు డబ్బులో అధికభాగమును వేరుసెనగ చెక్కకు మార్పించితిని. మొదటి వారము పావు కిలో, తరువాత అర కిలో, పిమ్మట ముప్పావు కిలో చొప్పున నానబెట్టి రెండు పూటల ఇప్పించితిని. చొప్పను నరికి వేయుమంటిని. చిటికెడు కాక గుప్పెడు ఉప్పును, ఖనిజ లవణ మిశ్రమమును చేర్పించితిని. మూడు వారములకు ఆమె చెప్పిన మొదటిమాట పాలను గూర్చి కాదు, "గాడిలో పుల్ల మిగలట్లేదు నాయనా" అని. పాలు రెండు పూటలకు కలిపి మూడు లీటర్లకు చేరువైనవి. రెండవ మాసమున ఆవు ఎదకు వచ్చెను. అది అద్భుతమేమియు కాదు. ఐదారు లీటర్లిచ్చు జాతి ఆవు కాదది. కాని సంతకు పోలేదు.

ఇంటి ముంగిటి లెక్క

ప్రతి రైతును తన పశువునకు లెక్క కట్టుకొనవచ్చును. సుమారు 400 కిలోల బరువు గల ఆవు తన శరీరమును నిలుపుకొనుటకే దినమునకు ఇంచుమించు 320 గ్రాముల మాంసకృత్తులు కోరును. అటుపై ఇచ్చు ఒక్కొక్క లీటరు పాలకు సుమారు 90 గ్రాములు వలయును. ఐదు లీటర్ల పాలకు 450 గ్రాములు. మొత్తము 770 గ్రాములు.

ఆ ఆవు దినమునకు 8 కిలోల జొన్నచొప్ప తిన్నదనుకొందము. నూటికి 4 వంతుల చొప్పున దానిలో లభించునది 320 గ్రాములు. అనగా చొప్ప మాత్రమే తిను ఆవు తన ప్రాణమును నిలుపుకొనునే కాని, పాలకు దాని వద్ద మిగులునది సున్న. అయినను అది కొన్నాళ్లు పాలిచ్చుచున్నదనిన, తన కండను కరగించి యిచ్చుచున్నదని యెరుగవలెను. పాల సంఘమున వెన్నను మాత్రమే కాక వెన్న గాని ఘనపదార్థములను గూడ చూచి వెల కట్టుదురు. మేత చాలని పశువు పాలలో ఆ ఘనపదార్థములు తగ్గును. కొలతలోను నష్టము, వెలలోను నష్టము.

లోటు 450 గ్రాములు గదా! దానిని ఈ రెండు విధములలో దేనితోనైనను తీర్చవచ్చును.

మొదటిది: వేరుసెనగ చెక్క 1 కిలో, తవుడు అర కిలో. చెక్కలో సుమారు 400 గ్రాములు, తవుడులో 60 గ్రాములు.

రెండవది: వేరుసెనగ చెక్క అర కిలో, తవుడు 1 కిలో, పచ్చి అలసంద మేత 5 కిలోలు. వీనిలో వరుసగా 200, 120, 140 గ్రాములు సుమారుగా లభించును.

చెక్క మాత్రమే ఎక్కువగా వేసిన లాభము లేదు. సూక్ష్మజీవులకు నత్రజనితో పాటు శక్తినిచ్చు పిండి పదార్థమును వలయును. మితిమీరిన మాంసకృత్తులు మూత్రమున పోవును. అది డబ్బును పేడదిబ్బపై పోయుటయే. ఇంట దాణా కలుపుకొనువారు 100 కిలోలకు జొన్న లేక మొక్కజొన్న నూక 35, వేరుసెనగ చెక్క 30, తవుడు 32, ఖనిజ లవణ మిశ్రమము 2, ఉప్పు 1 కిలో చొప్పున కలుపుకొన్నచో, ఆ దాణాలో నూటికి సుమారు 20 వంతుల మాంసకృత్తులుండును. ఆవునకు ప్రతి రెండున్నర లీటర్ల పాలకును, ఎనుముకు ప్రతి రెండు లీటర్ల పాలకును ఒక కిలో చొప్పున వేయవలెను.

వర్షకాలమున లేత పచ్చిక పుష్కలముగా నున్నపుడు సాధారణపు ఆవునకు ఇంత చెక్క అక్కరలేదు. ఆ మాసములలో మిగిల్చిన చెక్కను కార్తిక మాసము మొదలు వాడుకొనవలెను. మనలో చాలమంది పాలు ఎక్కువగా నున్నపుడు చెక్క వేసి, పాలు తగ్గగానే మానివేయుదురు. చేయవలసినది దీనికి తలక్రిందు.

ఏ చెక్క చవుక?

బస్తా వెలను చూచి కొనరాదు. అందులోని మాంసకృత్తుల వెలను చూచి కొనవలెను. కిలో వేరుసెనగ చెక్కలో సుమారు 400 గ్రాములు, పొట్టు తీయని పత్తిగింజల చెక్కలో 220 గ్రాములు, తవుడులో 120 గ్రాములు ఉండును. కావున వేరుసెనగ చెక్క వెల తవుడు వెలకు మూడు రెట్లున్నను, మాంసకృత్తులకై కొనువానికి చెక్కయే చవుక. పత్తిచెక్క వెల వేరుసెనగ చెక్క వెలలో నూటికి 55 వంతులకన్న మించినచో, మరల వేరుసెనగ చెక్కయే చవుక. మీ ఊరి అంగడి ధరలు వేసికొని ఈ లెక్కను ప్రతి మాసము చేసి చూచుకొనుడు. పత్తిచెక్కను పెద్ద పశువులు అరిగించుకొనగలవు కాని, దానిలో గల విషపదార్థము లేతదూడలకు కీడు చేయును. దూడలకు వేయరాదు.

వేరుసెనగ చెక్కకు బూజు శత్రువు. 1960వ సంవత్సరమున ఇంగ్లండులో లక్షకు మించిన టర్కీ కోళ్లు చచ్చిపోగా, కారణము వెదకినవారు బ్రెజిలు దేశము నుండి వచ్చిన వేరుసెనగ చెక్కలోని బూజు విషమును కనుగొనిరి. ఆ విషమునకే అఫ్లాటాక్సిను అని పేరు. అది ఆవు కాలేయమును చెరచుటయే కాక పాలలోనికి దిగును. ఆ పాలు త్రాగునది మన బిడ్డలే. బూజు పట్టిన చెక్కను తుడిచి, ఎండబెట్టి, వేయుదమను ఆలోచన వలదు. విషము ఎండకు పోదు. చెక్క బస్తాలను నేలపై కాక పలకలపై, గోడకు దూరముగా పేర్చవలెను. కాయను కళ్లములోనే బాగుగ ఎండబెట్టినవాని చెక్కకు ఈ బాధ తక్కువ.

కొనక పండించునది

అన్నింటను చవుకైన మాంసకృత్తులు పప్పుజాతి మేతలో నున్నవి. వీని వేళ్లపై గల బుడిపెలు గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకిచ్చును గనుక, మనము కొననక్కరలేదు. కె.సి. కాలువ క్రింద వరి పండించు సోదరులు వరికోతకు ముందుగా, తేమ యుండగనే, మాగాణిలో జనుము గాని పిల్లిపెసర గాని చల్లినచో, వరి తీసిన పిదప మిగిలిన తేమతో మేత పెరుగును. పూతదశలో కోసి నీడన ఆరబెట్టి దాచుకొన్న జనుము ఎండకాలమున చెక్కతో సమానముగా అక్కరకు వచ్చును. భూమికిని సారము కలుగును.

మెట్టభూములవారు మేతజొన్న రెండు సాళ్లకు అలసంద ఒక సాలు చొప్పున కలిపి విత్తవలెను. అయితే ఒక హెచ్చరిక గలదు. వాన వెనుకాడి గిడసబారిన లేత జొన్నలో నాము విషముండును. పూత రానిదే దానిని మేపరాదు. వేరుసెనగ పీకిన పిమ్మట మిగులు తీగను వానకు తడిసి కుళ్లనీయక వాము వేసినచో, అది జొన్నచొప్పకన్న రెండు మూడు రెట్లు మాంసకృత్తులు గలది. గట్లపై అవిసె, సుబాబులు నాటుకొనవచ్చును. సుబాబులును మొత్తము మేతలో మూడవవంతుకు మించి వేయరాదు. బావినీరున్నవారు రెండు మూడు సెంట్లలోనైన లూసర్ను గాని దశరథగడ్డిని గాని పెంచినచో, దినమునకు కొంత పచ్చిమేత దొరకును.

యూరియాను గూర్చి ఒక ఒప్పుకోలు

వరిగడ్డి నూరు కిలోలకు యూరియా 4 కిలోలు, 50 మొదలు 60 లీటర్ల నీటిలో పూర్తిగా కరగించి, గడ్డిని పొరలు పొరలుగా పరచి చల్లి, త్రొక్కి, గాలి చొరకుండ పట్టాతో మూసి, 21 దినములు మాగబెట్టి, పిమ్మట తీసి ఒక గంట గాలికారనిచ్చి మేపినచో, ఆ గడ్డిలో మాంసకృత్తులకు సమానమగు నత్రజని రెట్టింపగును. గడ్డియు మెత్తబడి అరుగును. ఇది పరీక్షింపబడిన పద్ధతియే.

కాని ఈ పద్ధతిని చెప్పుటలో నేనొక తప్పు చేసితిని. ఉద్యోగమున చేరిన తొలి సంవత్సరములలో ఒక గ్రామసభలో యూరియా గడ్డి లాభములను అరగంట చెప్పి, ప్రమాదమును చివర ఒక్కమాటతో ముగించితిని. సభలో వెనుక కూర్చున్న ఒక చిన్నరైతు, గడ్డిని మాగబెట్టు శ్రమ ఏల, పశువు కడుపులోనికి యూరియా చేరుటయే గదా కావలసినదని తలచి, రెండు గుప్పెళ్లు కుడితిలో కలిపి ఎనుముకు పెట్టెను. ఎనుము వణకి, నురుగు కక్కి, కడుపుబ్బి, ప్రొద్దు క్రుంకక మునుపే చచ్చెను. ఆతనికి అదియొక్కటే ఎనుము. ఆతడు నన్నొక్క మాటయు అనలేదు. అనియున్నచో నాకు కొంత తేలికగా నుండెడిది. తప్పు విన్నవానిది కాదు, చెప్పినవానిది. నాటి నుండి నేను ప్రమాదమును ముందు చెప్పి, లాభమును వెనుక చెప్పుచున్నాను.

కావున స్పష్టముగ వినుడు. యూరియాను నీటిలో గాని కుడితిలో గాని దాణాలో గాని చేతితో కలిపి ఎన్నడును పెట్టరాదు. దాని బస్తాను పశువునకు అందనిచోట నుంచవలెను. మాగిన గడ్డినైనను ఆరు మాసముల లోపు దూడలకు వేయరాదు. పెద్ద పశువులకు కూడ కొద్దికొద్దిగా అలవాటు చేసి, వారము పది దినములకు పూర్తి మేత వేయవలెను. ఆకలితో నకనకలాడు పశువునకు ఒక్కసారిగా పెట్టరాదు. పొరపాటున పశువు యూరియా తిన్నచో క్షణము ఆలసింపక పశువైద్యుని పిలువవలెను. ఆయన వచ్చులోపల వెనిగరును చల్లని నీటితో కలిపి, పొరబోకుండ, మెల్లగా త్రాగించుట మేలు.

సంఘము చేయదగినది

మన పొలములందే వేరుసెనగయు పత్తియు పండును. నూనె కొందరికి, గింజ కొందరికి పోగా, చెక్క బస్తాలకెక్కి దూరదేశములకు పోవును. మరల ఎండకాలమున అదే చెక్కను మనము కిలో రెండు కిలోలు చిల్లరగా హెచ్చు వెలకు కొనుచున్నాము. ఒక్కొక్క రైతు ఒక్కడే దీనిని మాన్పలేడు. సంఘము మాన్పగలదు. పంట మిల్లునకు చేరు మాసములలో, ధర తగ్గియున్నపుడు, సభ్యులందరి అక్కరను ముందుగా వ్రాసికొని, చెక్కను ఒక్కటిగా కొని, మాంసకృత్తుల శాతమును బూజు విషమును పరీక్ష చేయించి, పొడి గిడ్డంగిలో నిలువచేసి, సభ్యునకు కావలసినంత ఇచ్చి, సొమ్మును పాలబిల్లు నుండి కొంచెము కొంచెముగా పట్టుకొనవచ్చును. చేతిలో రొక్కము లేని అవ్వకు కావలసినది ఈ సౌకర్యమే.

ఈ మాసమున ప్రతి సభ్యుడును ఒక్క పని చేయ ప్రార్థన. రేపటి ఉదయము గాడిలో మిగిలిన చొప్పను తూచి, ఆవు పాలను కొలిచి, ఒక పుస్తకమున వ్రాసికొనుడు. పాడి పశువునకు అర కిలో చెక్క చొప్పున మూడు వారములు వేసి, మరల రెంటిని కొలిచి వ్రాయుడు. ఆ రెండు అంకెలను వచ్చు నెల సంఘసభకు తెండు. నా మాట కన్న మీ పుస్తకమే మీ పొరుగువారికి నమ్మకము కలిగించును. ఎవరి ఆవైనను సంతకు తోలుటకు ముందు, అది నిజముగా గొడ్డుపోయినదో, లేక నిండిన కడుపుతో ఆకలిగొనియున్నదో, ఈ మూడు వారములు తేల్చిచెప్పును.